మా జోనింగ్ బోర్డు హియరింగ్ – నా అనుభవం

న్యూజెర్సీలో మాది కార్నర్ లాట్ ఇల్లు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేకపోతోంది, అందుకని కిందే ఒక బెడ్‌రూమ్, బాత్రూమ్ కట్టిద్దామని పర్మిట్‌కి అప్లై చేస్తే జోనింగ్ ఆఫీసర్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చూసే టౌన్ అధికారి) కుదరదన్నాడు. మా జోన్‌లో రోడ్డు వైపు 35 అడుగులు వదలాలి, కార్నర్ లాట్ కాబట్టి రెండు రోడ్ల వైపూ అదే లెక్కంట, మా ప్లాన్‌లో ఒకవైపు 27 అడుగులే మిగులుతోంది. ఆ 8 అడుగుల కోసం వేరియన్స్, అంటే రూల్ నుంచి మినహాయింపు అడగాలి, అది ఇచ్చేది జోనింగ్ బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్.

ఫారాలు, సర్వే కాపీలు, ఫీజులు సరే, అసలు పని నోటీసులది. మన స్థలం నుంచి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతి ఒక్కరికీ హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు నోటీసు వెళ్ళాలి, పేపర్లో ప్రకటన కూడా పడాలి. పేర్ల లిస్టు టౌన్ వాళ్ళే ఇస్తారు, 10 డాలర్లు కట్టాను. డైనింగ్ టేబుల్ నిండా కవర్లు పరుచుకుని సర్టిఫైడ్ మెయిల్ స్లిప్పులు అంటిస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుని, శుభలేఖలకి పసుపు పెట్టినంత శ్రద్ధగా ఒక్కో కవరూ అంచులు నొక్కి అంటించింది. తీరా చూస్తే పేపర్లో ప్రకటన ఒకరోజు ఆలస్యంగా పడింది, తొమ్మిది రోజులే ఉంది, నోటీసు సరిగ్గా లేకపోతే బోర్డుకి కేసు వినే అధికారమే ఉండదన్నారు. నెల వాయిదా, నోటీసులన్నీ మళ్ళీ మొదట్నుంచి. చాలా బాధేసింది.

ఆ నెలలోనే మా ఆర్కిటెక్ట్ ఒక మాట చెప్పాడు. నేను అమ్మ ఆరోగ్యం గురించి రెండు పేజీలు రాసుకున్నాను, అది పక్కన పెట్టమన్నాడు. వేరియన్స్ మనిషికి కాదు స్థలానికి ఇస్తారు, రేపు ఇల్లు అమ్మేసినా అది స్థలంతోనే ఉంటుంది, అందుకే వాళ్ళు చూసేది మన కష్టం కాదు, స్థలానికున్న ఇబ్బంది, దాంతోపాటు చుట్టుపక్కల వాళ్ళకి నష్టం ఉందా లేదా అని. వినడానికి కఠినంగా ఉంటుంది కానీ న్యాయమే అనిపించింది నాకు, లేకపోతే ఎవరు బాగా ఏడిస్తే వాళ్ళకే పర్మిషన్ వస్తుంది కదా.

హియరింగ్ రోజు ఏడుగురు సభ్యులు, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేయించారు, సర్వేని సాక్ష్యంగా తీసుకుని దాని మీద ఏ-1 అని మార్క్ చేశారు. గది వెనకవైపు ఎందుకు కట్టకూడదని అడిగారు, అక్కడ డ్రైనేజ్ ఈజ్‌మెంట్ (నీళ్ళు పోవడానికి వదిలేయాల్సిన జాగా) ఉందని సర్వేలో చూపించాం. తర్వాత పబ్లిక్‌కి అవకాశమిస్తే పక్కింటి పెద్దాయన లేచి వాన నీళ్ళు తన బేస్‌మెంట్‌లోకి వస్తాయేమోనన్నాడు. నిజమైన భయమే. కొత్త కప్పు నీళ్ళు భూమిలోకి ఇంకేలా డ్రైవెల్ (ఇంకుడు గుంత లాంటిది) పెట్టాలని షరతు పెట్టారు, వెంటనే ఒప్పుకున్నాను. మాది సెట్‌బ్యాక్ (రోడ్డు వైపు వదలాల్సిన దూరం) వేరియన్స్ కాబట్టి మెజారిటీ చాలు, ఇంటిని ఆ జోన్‌లో ఒప్పుకోని వ్యాపారానికి మార్చాలంటే మాత్రం ఐదు ఓట్లు రావాల్సిందే. మాకు ఏడుగురూ యెస్ అన్నారు.

ఆ రాత్రితో అయిపోలేదు. తర్వాతి మీటింగ్‌లో రిజల్యూషన్ (బోర్డు నిర్ణయం రాతపూర్వకంగా) పాసై, అది పేపర్లో పడ్డాక ఎవరైనా కోర్టుకెళ్ళడానికి 45 రోజుల గడువుంటుంది. తొందరపడకండి అన్నాడు ఆర్కిటెక్ట్, ఆగాం. ఎవరూ వెళ్ళలేదు. పోయిన శనివారం పునాది తవ్వే ముందు అమ్మే కొబ్బరికాయ కొట్టింది, పెద్దాయన కంచె అవతల నిలబడి డ్రైవెల్ ఎక్కడొస్తుందని అడిగితే తీసుకెళ్ళి చూపించాను.