సెన్సార్ కాదు, వైరు

మొన్న చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ రాళ్లు తీసుకెళ్తున్న లారీ ఒంగోలు బైపాస్‌లో మా షెడ్డు ముందు ఆగింది. ఇంజిన్ లైటు వెలుగుతోంది, పికప్ లేదు. "ఇంకో షెడ్డులో ఈజీఆర్ వాల్వ్ మొత్తం మార్చాలన్నారన్నా" అన్నాడు డ్రైవర్ దిగులుగా. బండి అతనిదే, ఇంకా వాయిదాలు కడుతున్నాడు.

పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపి లోపలి వేడి తగ్గించడం ఈజీఆర్ పని. వాల్వ్ ఎంత తెరుచుకుందో సెన్సార్ చెబుతుంది. స్కానర్‌లో పీ0405 అనే లోపం కోడ్ వచ్చింది. అంటే ఆ సెన్సార్ సిగ్నల్ వోల్టేజీ పడిపోయింది. మసి పట్టిందని కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కనెక్టర్ ఊడదీయకుండా వెనక నుంచి మల్టీమీటర్ పెట్టాను. 5 వోల్టుల సప్లై సరిగ్గా ఉంది, ఎర్త్ బాగుంది. సిగ్నల్ వైరు 0.9 వోల్టులు చూపిస్తోంది. వైర్ల కట్టను చేత్తో కదిపాను, టక్కున సున్నా! బ్రాకెట్ అంచుకు రాసుకుని రాసుకుని తొడుగు అరిగిపోయింది, లోపల రాగి తీగ మెరుస్తోంది. కుదుపు వచ్చినప్పుడల్లా బాడీకి తగిలి షార్ట్ అవుతోందన్నమాట. మీటరు పెట్టకుండా పార్టు మార్చమంటే నాకు నిజంగా బాధేస్తుంది.

సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి, అంచుకు తగలకుండా కట్టాను. కోడ్ చెరిపి టంగుటూరు దాకా నడిపి చూశాం. లైటు మళ్లీ రాలేదు.