అట్ట లేని చందమామ

"ముప్పై ఇయ్యి సారూ, అట్ట లేదు గని కథలన్నీ ఉన్నయి." హన్మకొండ చౌరస్తా దగ్గర పాత పుస్తకాలాయన ఇంకో మాట మాట్లాడనివ్వలేదు.

పిన్నులు తుప్పు పట్టిన చందమామ. తెరవగానే బేతాళ కథ. విక్రమార్కుడి భుజం మీది శవానికి ఎవరో పిల్లాడు నీలం పెన్నుతో మీసాలు పెట్టాడు, భయం పోవడానికేమో!

అక్కడే నిలబడి చదివేశా, ఆటోవాళ్ళ హారన్ల మధ్య. బేతాళుడి అసలు కథలు 25 మాత్రమే, మరి మనం చదివినవి వందల్లో ఉంటాయి కదా. అదంతా కొడవటిగంటి కుటుంబరావు గారి చలవ. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలోనే పనిచేశారు. ఎక్కడెక్కడి కథలనో తెచ్చి, తిరగరాసి, ఆ శవం నోట పెట్టించారు. పత్రిక మీద సంపాదకుడిగా పేరు మాత్రం చాలా ఏళ్ళు చక్రపాణి గారిది.

నాకు నవ్వొచ్చేదేంటంటే, కుటుంబరావు గారు పక్కా హేతువాది. దయ్యాల్ని నమ్మని మనిషి నెలనెలా మనకు శ్మశానం చూపించాడు! నేనైతే చిన్నప్పుడు కాజీపేటలో మా అమ్మమ్మ వాళ్ళ పెరట్లో చింతచెట్టు కిందికి పొద్దుగూకాక పోయేవాణ్ణే కాదు, వాన పడుతున్నా చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

రాత్రి మా చిన్నదానికి ఆ కథ చదివి వినిపించా. భయపడుతుందేమో అని కొంచెం టెన్షన్ నాకే.

అంతా విని, "శవం ఎన్ని కిలోలు ఉంటది నాన్నా?" అంది.