రానివాణ్ని కూడా వచ్చాడని రాస్తే ఎట్లా?

మ్యాచ్ అయిపోయాక స్కోరుకార్డు అడుగున హాజరు అని ఒక అంకె వేస్తారు. అమెరికాలో నేను అభిమానించే ఐస్ హాకీ జట్టు శాన్‌హోజే షార్క్స్ ఓడిన రోజున నాకు స్కోరు కన్నా ఆ అంకె చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఓటమి అలవాటైపోయింది. 2023-24లో 82 మ్యాచులకు 19 గెలిచి ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్) మొత్తంలో ఆఖరున నిలిచారు. 2024-25లో 20 గెలిచారు, మళ్లీ ఆఖరే. ఏడాదికి ఒక్క గెలుపు చొప్పున పెరుగుతుంటే మనమే తొందరపడకూడదు.

నిజాంపేట్‌లో కూర్చుని ఐస్ హాకీ గోల ఏంటని అడిగేవాళ్లకు: కొన్నేళ్లు శాన్‌హోజేలో ఉద్యోగం చేసి వచ్చాను. తిరిగొచ్చేటప్పుడు చాలా వదిలేశాను గానీ ఈ జబ్బు మాత్రం నాతోనే వచ్చేసింది. చలికాలంలో అక్కడ రాత్రి ఏడున్నరకు ఆట మొదలైతే మనకు మర్నాడు పొద్దున తొమ్మిది. ఆఫీసు కాల్ మొదలయ్యేలోపు ఒక పీరియడ్, అంటే ఆటలో మూడో వంతు, చూడొచ్చు. మా జట్టు సంగతికి ఒక పీరియడ్ చాలు. పక్క ఫ్లాట్ అంకుల్ ఒకసారి వచ్చి ఐదు నిమిషాలు చూసి, "ఏం ఆట బాబూ ఇది, బంతే కనవడ్తలేదు" అన్నారు. బంతి కాదంకుల్, పక్ అంటారు, నల్లటి రబ్బరు బిళ్ల అని చెప్పాను. "ఏదైతేంది, మనోళ్లకైతే అస్సలే కనవడ్తలేదు గదా" అన్నారు. అంతకన్నా సరైన విశ్లేషణ నేను ఏ పాడ్‌కాస్ట్‌లోనూ వినలేదు.

సరే, అంకె సంగతి. ఆ హాలులో హాకీకి పదిహేడు వేల పైచిలుకు సీట్లుంటాయి. షార్క్ ట్యాంక్ అని ముద్దుపేరు. స్కోరుకార్డు మీద వేలల్లో ఘనంగానే ఉంటుంది. వీడియోలో గోల్ పోస్టు వెనకాల చూస్తే వరసలకు వరసలే ఖాళీ. మోసమేమీ లేదు, పద్ధతే అంత. అమెరికా లీగుల్లో ప్రకటించే హాజరు అంటే తలుపు దాటి లోపలికొచ్చిన తలల లెక్క కాదు, జనం చేతుల్లోకి వెళ్లిన టికెట్ల లెక్క. కొన్నవాడు ఇంట్లో పడుకున్నా, కంపెనీ పంచిన పాస్ సొరుగులో మూలుగుతున్నా, అంకెలో వాడు వచ్చినట్టే. అక్కడ పనిచేసేటప్పుడు మా ఆఫీసులోనూ అలాంటి పాసులు పంచేవాళ్లు. ఎవరికీ వద్దంటే కాఫీ మిషన్ పక్కన పెట్టేవాళ్లు, సోమవారం దాకా అక్కడే ఉండేవి.

మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సినిమా రిలీజైన మూడో రోజుకే పోస్టర్ మీద వంద కోట్లు పడతాయి. అది గ్రాసా, నెట్టా, షేరా అని ఫ్యాన్స్ రాత్రంతా కొట్టుకుంటారు. హాకీలో ప్రకటించే హాజరు గ్రాస్ లాంటిది. షేర్ ఎంతో గేటు దగ్గర స్కానర్‌కి తెలుసు, అది పోస్టర్ ఎక్కదు.

కెమెరా ఎంతసేపూ మంచు మీదే తిరుగుతుంది కాబట్టి కుర్చీలు అంతగా కనపడవు. చప్పుడు మాత్రం దాగదు. 2019 ఏప్రిల్ 23న ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, వేగస్‌తో తేల్చే ఏడో మ్యాచ్. మూడో పీరియడ్ సగం గడిచేసరికి 0-3. అప్పుడు వేగస్ ఆటగాడికి ఐదు నిమిషాల మేజర్ పెనాల్టీ పడింది (అంటే అంతసేపూ వాళ్లకు ఒక ఆటగాడు తక్కువ), మా కెప్టెన్ పవెల్‌స్కీ తల మంచుకు కొట్టుకుని రక్తం కారింది. ఆ పెనాల్టీలోనే నాలుగు నిమిషాల్లో నాలుగు గోల్స్. వేగస్ ఆఖరి నిమిషంలో సమం చేస్తే, ఓవర్‌టైమ్‌లో గుడ్రో కొట్టాడు, 5-4. టికెట్ దొరక్క మా బావ ఇంట్లో టీవీలో చూశాం. ఆ హోరులో కామెంటరీ ఒక్క ముక్క వినపడలేదు.

ఈ ఓటముల సీజన్లలో అదే హాలు నుంచి ఏం వినిపిస్తుందో చెప్తాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్ అంచు గోడకు తగిలిన 'ఠప్' స్పష్టంగా వినపడుతుంది. అవతలి జట్టువాడి పెనాల్టీ టైమ్ అయిపోవస్తుంటే, మనవాళ్లను హెచ్చరించడానికి గోలీ (గోల్ కీపర్) కర్రతో మంచు మీద టపాటపా కొడతాడు. ఆ కొట్టడం వినపడుతుంది. పై వరసల నుంచి ఒక్కడు "షూట్!" అని అరుస్తాడు. ఒక్కడంటే ఒక్కడే. నాలుగు మ్యాచులు చూశాక ఆ గొంతు గుర్తుపట్టేశాను. ఈ మధ్య జలుబు చేసినట్టుంది పాపం.

మా బావ ఇప్పటికీ అక్కడే ఎవర్‌గ్రీన్‌లో ఉంటాడు. నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి సీజన్ టికెట్లు పంచుకున్నాయి. 2023 నవంబర్‌లో సొంత మంచు మీద వాంకూవర్‌తో 1-10, రెండు రోజులకు పిట్స్‌బర్గ్‌తో 2-10 ఓడాక (వరసగా రెండు మ్యాచుల్లో పదేసి గోల్స్ ఇచ్చుకున్న జట్టు 1965 తర్వాత ఇదేనట) మిగతా మూడు కుటుంబాలూ మెల్లగా జారుకున్నాయి. వాళ్ల వాటా టికెట్లు కూడా బావ నెత్తినే పడ్డాయి. యాప్‌లో అమ్మకానికి పెడితే పార్కింగ్ ఖర్చు కూడా రాదు. కోపమొచ్చి తనూ వెళ్లడం మానేశాడు.

నాకు అసలు కడుపుమంట ఇక్కడే. ఫ్యాన్ అనేవాడి చేతిలో ఏముంది? కోచ్‌ని మార్చలేడు, ఆటగాణ్ని కొనలేడు. అలిగి రాకుండా ఉండటం ఒక్కటే వాడు చెప్పగలిగే మాట. బావ అలిగి ఇంట్లో కూర్చుంటే, స్కోరుకార్డు మాత్రం ఆయన్ని నాలుగు సీట్లలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించేస్తోంది. అలిగినవాణ్ని బతిమాలకపోతే పోనీ, అలిగాడని ఒప్పుకోవాలి కదా! డబ్బు వచ్చేసిందిగా, మనిషి రాకపోతే ఏంటి అంటారు. డబ్బు లెక్కయితే డబ్బు లెక్కనే చెప్పండి, హాజరు అనకండి.

ఇంకో సంగతి. గెలవడం కన్నా బాగా ఓడటమే ఈ ఆటలో లాభసాటి. అట్టడుగు జట్టుకు డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకునే పద్ధతి) లాటరీలో మొదటి కుర్రాణ్ని ఎంచుకునే అవకాశం ఎక్కువ. 2024లో అలాగే మాక్లిన్ సెలెబ్రీనీ దక్కాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ల పిల్లాడు, మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్ కూడా 4-1తో ముందుండి ఓడిపోయాం, అది వేరే విషయం. బాగా ఆడుతున్న గోలీ బ్లాక్‌వుడ్‌ని 2024 డిసెంబర్‌లో కొలరాడోకి పంపించేశారు. 2025 ఫిబ్రవరిలో గ్రాన్‌లండ్‌ని డల్లాస్‌కి ఇచ్చేశారు, ఆయన ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. భవిష్యత్తు కోసం అంటారు. నిజమే కావచ్చు, సెలెబ్రీనీని చూస్తే నాకూ నమ్మబుద్ధేస్తుంది. కానీ 2025 మే లాటరీలో 25.5 శాతం అవకాశం ఉన్న మనల్ని వదిలేసి, 3.5 శాతం ఉన్న న్యూయార్క్ ఐలాండర్స్‌కి మొదటి నంబర్ తగిలింది. ఓడటంలో కూడా ఓడిపోయాం.

పక్క ఫ్లాట్ అంకుల్‌కి ఇదంతా చెప్తే నవ్వారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు, గడ్డి మీద ఆడే రోజుల నుంచీ మన హాకీ పిచ్చి. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ గచ్చిబౌలిలో జరిగితే, మన హైదరాబాద్ సుల్తాన్స్ కప్పు కొట్టిన సంగతి మొదలుపెడితే ఆపరు. "మీ అమెరికాల టీం ఓడుతది గాని ఊళ్లె ఆడుతది. హాకీ ఇండియా లీగ్‌ల మన హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరిల ఫైనల్ దాకా వోయిన్రు. ఏడ ఆడిన్రు? రూర్కెలాల. పేరేమో హైదరాబాద్ది, ఒక్క మ్యాచన్నా గచ్చిబౌలిల వెట్టిన్రా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బెంగాల్ టైగర్స్‌తో ఆ ఫైనల్ 3-4తో పోయింది. ఊరి జట్టు ఫైనల్ ఆడుతుంటే ఊళ్లో హాజరు సున్నా. ఆ సున్నాలో మాత్రం కల్తీ లేదు.

మొన్న బావ ఫోన్ చేశాడు. వచ్చే సీజన్‌కి టికెట్లు రెన్యూ చెయ్యాలా వద్దా అని.

"నాలుగూ వద్దు బావా, రెండు తీసుకో. తీసుకుంటే వెళ్లు. వెళ్లవంటే అసలు కొనకు, ఊరికే వాళ్ల లెక్కలో నువ్వు పడిపోతున్నావ్" అన్నాను.

"కొనకపోతే ఆ సీటు ఇంకెవడికో పోతుంది. రేపు సెలెబ్రీనీ కప్పు ఎత్తే రోజున మళ్లీ నీతో కలిసి టీవీలో చూడమంటావా?"

ఫోన్ పెట్టేసేసరికి నాలుగూ రెన్యూ చేసేశాడు.