‘గైస్’లోని ఆ గై ఎవరు?

‘హాయ్ గైస్’ అనని వీడియో దొరకడం కష్టమిప్పుడు. ఆ పిలుపులో ఉన్నది ఒక మనిషి పేరు: గై ఫాక్స్.

1605 నవంబర్ 5 తొలి గడియల్లో, లండన్‌లో ప్రభువుల సభ కిందున్న గదిలో 36 పీపాల తుపాకీమందుతో అతను పట్టుబడ్డాడు. మొదటి జేమ్స్ రాజునూ పార్లమెంటునూ కలిపి పేల్చేయాలన్నది పథకం. కుట్రకు నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ. అయినా జనం నోట నిలిచింది మాత్రం మందుకు కాపలా ఉన్నవాడి పేరే.

కుట్ర విఫలమైనందుకు ఏటా ఆ రోజున మంటలు వేయడం ఆనవాయితీ అయింది. పాత కోటులో గడ్డీ గుడ్డపేలికలూ కుక్కి, నెత్తిన టోపీ పెట్టి పిల్లలు ఫాక్స్ దిష్టిబొమ్మ చేసేవాళ్లు. దాన్ని వీధిలో పెట్టి ‘పెన్నీ ఫర్ ద గై’ అంటూ చిల్లర అడిగి, చివరికి మంటలో వేసేవాళ్లు. అలా బొమ్మ పేరే ‘గై’ అయింది. 19వ శతాబ్దంలో వింతగా, చింపిరిగా బట్టలేసుకున్న మనిషినీ బ్రిటన్‌లో గై అనేవాళ్లు. అంటే తిట్టే. అమెరికాలో ఆ వెక్కిరింత అరిగిపోయి ‘మగవాడు, ఫలానా అతను’ అన్న అర్థం మిగిలింది. ఒక మాట ఇంత మెత్తబడటం అరుదు.

ఇక బహువచనం. మనకు నువ్వు, మీరు వేరువేరుగా ఉన్నాయి. ఇంగ్లీషులోనూ ఒకరికి ‘దౌ’ ఉండేది, అది వాడుకలోంచి జారిపోయాక ఒకరికైనా పదిమందికైనా ‘యూ’ ఒక్కటే మిగిలింది. మన ‘మీరంతా’ లాంటి మాట కావలసి వచ్చింది. ఆ ఖాళీని అమెరికా దక్షిణాన ‘యాల్’, మిగతా చోట్ల ఎక్కువగా ‘యూ గైస్’ పూరించాయి.

పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఎదురుగా ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు ‘గైస్’లో ఆడవాళ్లూ కలుస్తారు. వేరేవాళ్ల గురించి చెబుతూ ‘టూ గైస్’ అంటే మాత్రం వినేవాళ్లకు ఇద్దరు మగవాళ్లే తోస్తారు. ‘ఎ గై’ అంటే మగవాడే. పిలుపులో కూడా ఈ మాట నచ్చని స్త్రీలు ఉన్నారు. అందుకే ఆఫీసు మెయిల్‌లో ‘ఎవ్రీవన్’ అనడమే మేలు. పలికేటప్పుడు చివర ‘స్’ కాదు, ‘జ్’: గైజ్.

అన్నట్టు, డేరాను నిలబెట్టే ‘గై రోప్’కు ఫాక్స్‌తో సంబంధమే లేదు. అది వేరే మాట.