మిషన్ ఎందుకు ఆపలేదు?

మొన్న మంగళవారం నా చేతిలో ఆరు షాఫ్టులు తుక్కయిపోయాయి. లోహాన్ని కోసే చిన్న బిళ్ళ, దాన్నే ఇన్సర్ట్ అంటాం, దాని మొన చిట్లి పీసు మీద గీతలు పడుతున్నాయి. నేను చూసుకునేసరికే ఆరు పోయాయి. గబగబా ఇన్సర్ట్ మార్చి, మిషన్‌లో దాని కొలత (ఆఫ్‌సెట్) సరిచేసి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ మిషన్ నడిపించాను.

మాది జపాన్‌లో ఒసాకా పక్కనున్న హిగాషి ఒసాకా. చిన్న చిన్న కార్ఖానాలు వేలల్లో ఉన్న ఊరు. మా షాపులో పద్దెనిమిది మందిమి. అందరిలోకీ పెద్దాయనకు డెబ్బై దాటాయి. సాయంత్రం ఆయన తుక్కు డబ్బా దగ్గర నిలబడి నన్ను పిలిచారు. పీసులు పోయినందుకు ఒక్క మాట అనలేదు. "మిషన్ ఎందుకు ఆపలేదు? నన్నెందుకు పిలవలేదు?" అని మాత్రం రెండుసార్లు అడిగారు.

చాలా కష్టమనిపించింది. తప్పు నేనే పట్టుకున్నాను, నేనే సరిచేశాను కదా!

విజయవాడ ఆటోనగర్‌లో నాన్న లేత్ షాపులో పని నేర్చుకున్నవాడిని. అక్కడ పీసు పోతే ముందు తిట్లు, కొన్ని షాపుల్లో ఆ రోజు కూలిలో కోత. మూడో కంటికి తెలియకుండా సర్దేసేవాడే మంచి టర్నర్. పదేళ్ళు అలా పనిచేసిన చేతులు ఇక్కడికొచ్చి ఒక్కసారిగా ఎలా మారతాయి?

మర్నాడు పెద్దాయన నాతో కలిసి మిషన్ తలుపు తీసి చూశారు. కూలెంట్ పైపు పక్కకి జరిగి ఉంది. నీళ్ళు సరిగ్గా మొన మీద పడడం లేదు. నేను మార్చిన కొత్త ఇన్సర్ట్ కూడా ఇవాళో రేపో చిట్లేదే. టొయోటాలో తప్పు కనబడితే కార్మికుడే తాడు లాగి లైను ఆపుతాడని చదివినప్పుడు, అదంతా పెద్ద కంపెనీల వ్యవహారం అనుకున్నాను. మా షాపులో తాడు లేదు. చెయ్యెత్తితే ఆయన వస్తారు, అంతే.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మనకి వెయ్యి షాఫ్టులు ఎవడిస్తాడురా? ఒక్క బుష్ కోసం లారీ డ్రైవర్ వాకిట్లో కూర్చుంటాడు" అన్నారు. నిజమే. విరిగిన ముక్క చేతికిస్తే డ్రాయింగ్ లేకుండా కొత్తది చేసిచ్చే మనిషి ఆయన. ఆ పనితనాన్ని ఇక్కడెవరైనా తక్కువచేసి మాట్లాడితే నేను ఊరుకోను.

కానీ రోజుకి ఎనిమిది రకాల జాబులు చేసే నాన్నకే కదా సెట్టింగ్ మార్పు ఎక్కువ! 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకి డై (అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. జపాన్ ఇంజనీరు షిగెయో షింగో దాన్ని ముందు గంటన్నరకి, తర్వాత మూడు నిమిషాలకి తెచ్చారు. కిటుకల్లా ఒకటే: మిషన్ నడుస్తుండగా చేయగలిగే పనిని మిషన్ ఆపాక చేయకూడదు. మన దగ్గర మిషన్ ఆపాకే అలెన్ కీ వెతుకుతాం, పీసుని పట్టుకునే చక్ జాస్ ఎక్కడున్నాయని కుర్రాణ్ణి అడుగుతాం, పక్క షాపుకి వెర్నియర్ కోసం పంపుతాం. దీనికి కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ మిషన్ అక్కర్లేదు. గోడకి చెక్క బోర్డు, దాని మీద ఒక్కో పానా ఆకారం గీస్తే చాలు. ఏది లేదో దూరం నుంచే కనబడుతుంది. చిన్న పరిశ్రమల్లో ఇలాంటి వృథా తగ్గించడానికి 2023లో కేంద్రం లీన్ స్కీమ్ కొత్తగా తెచ్చింది, కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరించేలా. అదీ చెప్పాను. నాన్న ఊఁ కొట్టారు.

"దసరాకి వస్తున్నాను. ఆయుధపూజకి మిషన్లు కడిగేటప్పుడే బోర్డు కొట్టేస్తాను నాన్నా" అన్నాను.

"కొట్టు. బోర్డుదేముంది, కుర్రాళ్ళు నన్ను పిలవాలిగా" అని కాసేపు ఆగారు. "పోయినేడు ఒకడు పీసు పాడైందని వాడంతట వాడే వచ్చి చెప్పాడు. అందరి ముందూ అరిచాను. మర్నాటి నుంచి రాలేదురా వాడు."