నల్లచుక్క కనబడగానే రక్తం అనొద్దు

బుధవారం, సాయంత్రం.

ఈరోజు చదవాల్సిన ఎంఆర్‌ఐ స్కాన్ల వర్క్‌లిస్టు మామూలుదే. ఫిట్స్, పక్షవాతం ఫాలో-అప్, బండి మీంచి పడి తలకు దెబ్బ. ఎస్‌డబ్ల్యూఐ (రక్తం, ఇనుము లాంటివాటిని నల్లగా చూపించే ఎంఆర్‌ఐ పద్ధతి) ఉన్న ప్రతి కేసులోనూ ఎక్కడో ఒక నలుపు ఉంటుంది. దాన్ని రక్తం అనే ముందు పక్కన మూడు బొమ్మలు తెరిచి పెట్టుకోవాలి: మాగ్నిట్యూడ్ (సిగ్నల్ బలం), ఫేజ్ (సిగ్నల్ తిరిగిన కోణం), రెండూ కలిపిన ఎస్‌డబ్ల్యూఐ. మాగ్నిట్యూడ్‌లో మామూలుగా ఉండి ఎస్‌డబ్ల్యూఐలో మాత్రమే నల్లగా ఉంటే ముందుగా ఫేజ్‌ని అనుమానించాలి. సన్నటి సిరలు అలా కనబడటం సహజమే, కానీ సిర అయితే పై స్లైసులోకో కింది స్లైసులోకో సాగుతుంది.

నుదుటి సైనస్ పైన పొద్దున్నే మళ్ళీ అదే నల్లపట్టీ. త్రీ టెస్లా మెషిన్‌లో ఒక్క పీపీఎం (పదిలక్షల్లో ఒక వంతు) ఫీల్డ్ తేడా అంటే సుమారు 128 హెర్ట్జ్. టీఈ (సిగ్నల్ పట్టుకునేదాకా ఆగే సమయం) 20 మిల్లీసెకన్లు ఉంటే అంత తేడాకి ఫేజ్ రెండున్నర చుట్లు తిరిగేస్తుంది. బొమ్మలో చూపించగలిగేది మాత్రం ఒక్క చుట్టే, మైనస్ π నుంచి ప్లస్ π దాకా. మిగతాదంతా మడతపడి (దీన్నే ర్యాప్ అంటారు) గాలి పక్కన చారలు చారలుగా కనబడుతుంది. చెవి వెనక ఎముక పైన టెంపొరల్ లోబ్ అడుగునా ఇదే కథ. నెమ్మదిగా మారే ఫేజ్‌ని తీసేసే 64×64 హై-పాస్ ఫిల్టర్ చాలా చారల్ని తుడిచేస్తుంది, సైనస్ దగ్గర ఒకటో రెండో మిగులుతాయి. ఫేజ్ మాస్కుని (ఫేజ్ నుంచి తయారుచేసిన నలుపు పెంచే బొమ్మని) మాగ్నిట్యూడ్‌తో నాలుగుసార్లు గుణించడం 2004 నాటి హాకే బృందం పేపర్ నుంచి వస్తున్న అలవాటు. దానివల్ల ఫేజ్‌లో సన్నగీత ఎస్‌డబ్ల్యూఐలో బొగ్గుగీత అవుతుంది. ఫిల్టర్‌ని 96×96కి పెంచితే గీత తగ్గుతుంది, దాంతోపాటు పెద్ద రక్తపుగడ్డ నడిమి ఫేజ్ కూడా పోతుంది. ఫిల్టర్‌తో కుస్తీ పట్టేకంటే ముడి ఫేజ్‌ని అన్‌ర్యాప్ చేసి (మడతలు విప్పి), మెదడు బయటి నుంచి వచ్చే ఫీల్డ్‌ని వి-షార్ప్ లాంటి పద్ధతితో తీసేయడం మేలు. అందులో మెదడు అంచున కాస్త మందం కోత పడుతుంది, కార్టెక్స్ మీద చుక్కల కోసం వెతికేటప్పుడు అది గుర్తుండాలి.

అసలు మోసగాడు వేరే ఉన్నాడు. నిజమైన ర్యాప్ గీత గుండ్రంగా మూసుకుంటుంది, లేదా మెదడు అంచు దాటి బయటికి పోతుంది. మెదడు మధ్యలో ఒక బిందువు దగ్గర ఠక్కున ఆగిపోయిన గీత ర్యాప్ కాదు. కాయిల్ ఛానెళ్ళ (తల చుట్టూ సిగ్నల్ పట్టే విడివిడి యాంటెనాల) ఫేజ్‌లు కలిపేటప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోటు. ఎస్‌డబ్ల్యూఐలో అది అచ్చం మైక్రోబ్లీడ్ (చిన్న రక్తపు చుక్క) లాగే ఉంటుంది. దీనికి ఏ అన్‌ర్యాపింగూ పనిచేయదు. ఒక్కో ఛానెల్ డేటా ఉంటే మళ్ళీ కలపాలి, లేదా కాయిల్ కాంబినేషన్ సెట్టింగు మార్చి ఇంకోసారి తీయాలి.

మధ్యాహ్నం కాల్షియమా, రక్తమా అన్న పాత ప్రశ్న. మెషిన్ కంపెనీని బట్టి ఫేజ్ తెలుపు-నలుపులు తారుమారవుతాయి, కాబట్టి "తెల్లగా ఉంటే కాల్షియం" అని బట్టీ పట్టకూడదు. అదే బొమ్మలో నడిమి సిరని చూడాలి. చుక్క సిర రంగులోనే ఉంటే రక్తం వైపు, తిరగబడి ఉంటే కాల్షియం వైపు. పీనియల్‌లో సున్నం ఉంటే సరిచూసుకోవడానికి పనికొస్తుంది. చుక్క చుట్టూ ర్యాప్ పడితే ఈ లెక్క చెల్లదు, అప్పుడు సీటీనే శరణ్యం. ఫేజ్ సిరీస్ పంపకుండా ఎస్‌డబ్ల్యూఐ ఒక్కటే పంపేవాళ్ళని ఏమనాలో!

ఫేజ్ నుంచి కణజాలం అయస్కాంత గుణాన్ని లెక్కగట్టే క్యూఎస్‌ఎంలో రక్తపుగడ్డ నుంచి నక్షత్రంలా చారలు వస్తే అది డైపోల్ లెక్క తిప్పడంలో, అంటే ఫీల్డ్ నుంచి దాని మూలానికి వెనక్కి లెక్కగట్టడంలో, వచ్చే గొడవ. కె-స్పేస్‌లో (బొమ్మని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టిన రూపంలో) ఫీల్డ్ దిశకి 54.7 డిగ్రీల శంకువు మీద డేటా సున్నా అయిపోతుంది. స్లైసులు వాలుగా తీసి, ఆ కోణాన్ని లెక్కలో ఇవ్వకపోతే చారలు ఇంకా ముదురుతాయి.

కదలిక సంగతి తేలిక: దయ్యపు నీడలు ఫేజ్-ఎన్‌కోడింగ్ దిశలోనే (స్కాన్‌లో చోటుని ఫేజ్‌తో గుర్తించే దిశలోనే) వరసగా పడతాయి. ఆ దిశని ఎడమ-కుడికి మారిస్తే కళ్ళ నీడలు మెదడు మీద పడవు.

చివరి కేసు, పళ్ళకి క్లిప్పులు. ఫ్రంటల్ లోబ్ అడుగున మాగ్నిట్యూడే చచ్చిపోయింది. సిగ్నల్ లేనిచోట ఫేజ్ ఉండదు, దిద్దడానికేమీ లేదు. టీఈ తగ్గించి, వోక్సెల్ (బొమ్మలోని చిన్న ఘనం) చిన్నది చేసి తీసినా నలుపు కొంచెమే కుదించుకుపోయింది. "ఈ భాగం అంచనాకు అందదు" అని రిపోర్టులో రాసేసి పంపడమే.