"ఎప్పుడు పంపుతారు, బాబూజీ?"

1971 డిసెంబరు 16న, అప్పటి తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) రాజధాని ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో తీసిన ఫొటోను చూడనివారు మన దేశంలో అరుదు. పాకిస్తాన్ జనరల్ నియాజీ బల్ల మీదికి వంగి సంతకం పెడుతుంటాడు. లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా పక్కనే కూర్చుని చూస్తుంటాడు. ఏటా విజయదినం నాడు పత్రికల్లో కనిపించే ఈ ఫొటోలో అందరి చూపూ సంతకం మీదే నిలుస్తుంది గాని, ఆ కాగితంలో ఏం రాసి ఉందో చదివినవారు తక్కువ. లొంగిపోయిన వారిని సైనికులకు తగిన గౌరవమర్యాదలతో, జెనీవా ఒప్పందాలను అనుసరించి చూస్తామని అరోరా ఆ చిన్న పత్రంలోనే హామీ ఇచ్చాడు. యుద్ధం ముగిసిన ఆ క్షణంలోనే భారతదేశం తన చేతులను తానే చట్టానికి కట్టేసుకున్నదన్న మాట.

లొంగిపోయినవారు సైనికులు, పారామిలిటరీ దళాలు, పౌరులు అందరూ కలిసి సుమారు 93,000 మంది. వారిని రైళ్ళలో భారతదేశానికి తీసుకువచ్చి పలు రాష్ట్రాల్లోని శిబిరాల్లో ఉంచారు. అలాంటి ఒక శిబిరంలో మా పెదనాన్న హవల్దార్ క్లర్కుగా పనిచేశారు. శ్రీకాకుళం జిల్లాలోని పల్లె నుంచి సైన్యంలో చేరి, హిందీ అక్కడే నేర్చుకున్న మనిషి. ఖైదీల పేర్లు, నంబర్లు, వారి ఇళ్ళకు వెళ్ళే కార్డులు ఆయన బల్ల మీదుగానే సాగేవి. "మా బారకాసులు వాళ్ళకిచ్చి మేము గుడారాల్లో పడుకున్నాం అమ్మా" అని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. ఆ మాటలో ఫిర్యాదు ఉండేది కాదు, ఒక రకమైన తృప్తి ఉండేది. కార్డులు ఇవ్వడానికి వచ్చిన ఖైదీలు మాత్రం ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవారట: "మమ్మల్ని ఎప్పుడు పంపుతారు, బాబూజీ?" పైనుంచి ఆర్డరు రావాలని ఆయన జవాబు చెప్పేవారు. ఆ ఆర్డరు రావడానికి ఇరవై ఒక్క నెలలు పట్టింది.

ఆ ప్రశ్నకు జవాబు 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందంలో ఉంది. క్రియాశీలమైన పోరాటం ముగిసిన తరువాత యుద్ధఖైదీలను జాప్యం లేకుండా విడుదల చేసి స్వదేశానికి పంపాలని 118వ అధికరణం చెబుతుంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత కూడా లక్షల మంది ఖైదీలు ఏళ్ళ తరబడి పరాయి దేశాల్లో కూలిపనులు చేస్తూ ఉండిపోయారు. శాంతి ఒప్పందం కుదిరేదాకా ఆగవలసిన పని లేకుండా, తుపాకులు ఆగగానే మనుషులు ఇళ్ళకు చేరాలన్న ఉద్దేశంతో ఈ అధికరణాన్ని రాశారు. 1971 డిసెంబరు 17న పశ్చిమ సరిహద్దులో కూడా తుపాకులు ఆగాయి.

అయినా భారత ప్రభుత్వం ఖైదీలను వెంటనే పంపలేదు. తీవ్రంగా గాయపడిన వారిని, రోగులను పంపింది గాని, మిగిలిన వారి విషయంలో రెండు వాదాలు ముందుకు తెచ్చింది. వారు భారత, బంగ్లాదేశ్ సైన్యాల ఉమ్మడి కమాండ్‌కు లొంగిపోయారు కనుక బంగ్లాదేశ్ సమ్మతి లేకుండా పంపడం కుదరదన్నది మొదటిది. పాకిస్తాన్ మళ్ళీ యుద్ధానికి దిగదన్న భరోసా లేదన్నది రెండవది. మొదటి వాదంలో బలముంది, ఎందుకంటే లొంగుబాటు పత్రంలోనే ఆ మాట ఉంది. రెండవది నిలవదని నా అభిప్రాయం. పశ్చిమ సరిహద్దులో పట్టుబడిన ఖైదీలను 1972 డిసెంబరులో రెండు దేశాలూ మార్చుకున్నాయి. యుద్ధభయమే అసలు కారణమైతే వారిని పంపి వీరిని ఆపడంలో అర్థం లేదు. అసలు సంగతి అందరికీ తెలిసినదే. 1972 జూలైలో సిమ్లాలో పాకిస్తాన్ అధ్యక్షుడు భుట్టోతో బేరానికి కూర్చున్నప్పుడు మన చేతిలో ఉన్న వాటిలో అన్నిటికంటే విలువైనవి ఆ 93,000 ప్రాణాలు. బంగ్లాదేశ్‌ను పాకిస్తాన్ గుర్తించేదాకా వారిని వదలడానికి ఢాకాకు ఇష్టం లేదు, ఢిల్లీకి తొందర లేదు. పారిపోబోయిన ఖైదీల మీద కాల్పులు జరిగిన సంఘటనలు కొన్ని లేకపోలేదు గాని, మొత్తం మీద తిండి, వైద్యం, ఉత్తరాలు, రెడ్‌క్రాస్ ప్రతినిధుల రాకపోకల విషయంలో మన సైన్యం ఆ ఒప్పందాన్ని నిలబెట్టింది. అందుకు గర్వపడతాను. తేదీ విషయంలో మాత్రం అదే ఒప్పందాన్ని పక్కన పెట్టాము, అందుకు గర్వపడలేను.

పాకిస్తాన్ ఆ రెండేళ్ళూ 118వ అధికరణాన్ని ప్రపంచంలోని ప్రతి వేదిక మీదా చదివి వినిపించింది. చదివిన మాట నిజమే. కాని 1971 మార్చి 25 రాత్రి ఢాకా విశ్వవిద్యాలయం మీదికి సైన్యాన్ని నడిపించిన దేశం కూడా అదే. ఎందరు చనిపోయారన్న లెక్క మీద ఈనాటికీ వాదం నడుస్తూనే ఉంది. దాదాపు కోటి మంది కాందిశీకులు సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారన్నదానిపై వాదం లేదు. అంతర్యుద్ధంలో కూడా నిరాయుధులను చంపరాదని చెప్పే మూడవ అధికరణం అదే జెనీవా ఒప్పందాల్లో ఉంది. ఆ నెలల్లో పాకిస్తాన్ దాని ఊసెత్తలేదు. ఇది మా అంతరంగిక వ్యవహారం, ఐక్యరాజ్యసమితి చార్టరు రెండవ అధికరణం ప్రకారం ఎవరూ జోక్యం చేసుకోరాదు అని మాత్రమే చెబుతూ వచ్చింది. డిసెంబరు 7న కాల్పుల విరమణ కోరుతూ సమితి సర్వప్రతినిధి సభ 104 ఓట్లతో తీర్మానం చేసింది, వ్యతిరేకంగా 11 ఓట్లే పడ్డాయి. అప్పుడు దాన్ని పక్కన పెట్టిన వంతు మనది. నవంబరు చివరి నుంచే మన సైన్యం సరిహద్దు దాటి పోరాడుతున్న సంగతినీ, డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాలపై దాడి చేసిన సంగతినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. బెంగాలీలను ఆ హింస నుంచి తప్పించడం న్యాయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ న్యాయానికి ఆనాటి చట్టంలో స్పష్టమైన అనుమతి లేదన్నది కూడా ఒప్పుకుంటాను.

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది 195 మంది సంగతి. హత్యాకాండ, అత్యాచారాల ఆరోపణలపై మొదట దాదాపు 1,500 మందిని విచారించాలనుకున్న బంగ్లాదేశ్, 1973 ఏప్రిల్ నాటికి ఆ జాబితాను 195కు కుదించి, వారిని ఢాకాలో విచారిస్తామని ప్రకటించింది. అప్పుడు పాకిస్తాన్ 1973 మే 11న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. ఏ చట్టం పట్టుకుని? జాతిసంహార నివారణ ఒప్పందం పట్టుకుని. ఆ నేరం ఎక్కడ జరిగిందో ఆ దేశపు న్యాయస్థానం గాని, అంతర్జాతీయ నేరవిచారణ న్యాయస్థానం గాని విచారించాలని ఆ ఒప్పందంలోని ఆరవ అధికరణం చెబుతుంది. నేరం జరిగిందంటున్న రోజుల్లో ఆ భూమి పాకిస్తాన్‌ది కనుక, విచారించే హక్కు తనకు మాత్రమే ఉందని పాకిస్తాన్ వాదించింది. ఊచకోత బారిన పడే జాతులను కాపాడడానికి రాసుకున్న ఒప్పందాన్ని, నేరం జరిగిందని ఒప్పుకోకుండానే, నిందితులను కాపాడడానికి తీసుకువచ్చారు. ఆ దరఖాస్తు పాఠం మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

అయితే భారతదేశం ఏం చేసిందో కూడా చెప్పాలి. విచారణకు ప్రతినిధిని పంపలేదు, ఉత్తరాలు పంపింది. జాతిసంహార ఒప్పందాన్ని 1959లో ధ్రువీకరించినప్పుడే, తన సమ్మతి లేకుండా తనను దాని కింద న్యాయస్థానానికి లాగరాదని ఒక మినహాయింపు రాసి పెట్టుకుంది. ఆ మినహాయింపును ఇప్పుడు చూపింది. బంగ్లాదేశ్‌లో జాతిసంహారం జరిగిందని ప్రపంచమంతటా తిరిగి చెప్పిన దేశం, ఆ ఒప్పందం మీద అర్థనిర్ణయం చేయడానికి న్యాయస్థానానికి అధికార పరిధి లేదన్నది. ఇరుపక్షాలూ ఒకే గ్రంథాన్ని తెరిచి, తమకు పనికొచ్చే పుటను చూపి తక్కిన పుటలను చేత్తో మూసిపెట్టాయి. న్యాయస్థానం తన అధికార పరిధిని ముందుగా తేల్చుకోవాలని జూలైలో ఉత్తర్వు ఇచ్చింది. అది తేలేలోగా బేరం కుదిరింది.

బేరం అనడం కటువుగా ఉన్నా మరో మాట లేదు. పాకిస్తాన్‌లో చిక్కుకుపోయిన బెంగాలీ ఉద్యోగులు, సైనికులు, వారి కుటుంబాలు లక్షకు మించి ఉన్నారు. ఢాకాలో 195 మందిని బోనెక్కిస్తే ఇక్కడ బెంగాలీలను బోనెక్కిస్తామని భుట్టో బెదిరించాడు. మరోవైపు, ఖైదీలను పంపనిదే బంగ్లాదేశ్‌కు ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం రానివ్వనని చైనా 1972 ఆగస్టులో వీటో వేసింది. చివరికి 1973 ఆగస్టు 28న ఢిల్లీలో ఒప్పందం కుదిరి, సెప్టెంబరు నెలాఖరున వాఘా మీదుగా రైళ్ళు కదిలాయి. ఆ 195 మంది మాత్రం ఆగారు. డిసెంబరులో పాకిస్తాన్ హేగ్ కేసును ఉపసంహరించుకుంది. 1974 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్‌ను గుర్తించింది. ఏప్రిల్ 9న మూడు దేశాల విదేశాంగ మంత్రులు ఢిల్లీలో సంతకాలు చేసిన కాగితంలో, జరిగి ఉండగల నేరాలను ఖండిస్తున్నామని, తీవ్ర విచారం వ్యక్తం చేస్తున్నామని పాకిస్తాన్ అన్నది, క్షమాభిక్షగా విచారణలు మానుకుంటున్నామని బంగ్లాదేశ్ అన్నది. "జరిగి ఉండగల" అన్న ఆ రెండు మాటల వెనుక ఎన్ని కుటుంబాలు ఉన్నాయో తలుచుకుంటే ఆ వాక్యం దాటి ముందుకు చదవడం కష్టమవుతుంది.

అదే సంవత్సరం సెప్టెంబరులో భారతదేశం అంతర్జాతీయ న్యాయస్థానానికి కొత్త ప్రకటన పంపింది. సాయుధ సంఘర్షణలు, ఆత్మరక్షణ చర్యలు, కామన్‌వెల్త్ దేశాలతో వచ్చే వివాదాలు తన విషయంలో ఆ న్యాయస్థానం పరిధిలోకి రావని అందులో రాసింది. 1999 ఆగస్టులో మనం కూల్చివేసిన పాకిస్తాన్ నౌకాదళ విమానం కేసు 2000లో కొట్టివేతకు గురైంది ఆ కామన్‌వెల్త్ వాక్యం వల్లే. మరో పదిహేడేళ్ళకు, పాకిస్తాన్‌లో మరణశిక్ష పడిన కుల్‌భూషణ్ జాదవ్ ఉరిని ఆపమని అదే హేగ్‌కు మనమే పరుగెత్తాము, ఉత్తర్వు తెచ్చుకున్నాము, దేశమంతా సంతోషించింది. నేనూ సంతోషించాను. 2019లో మన వైమానికదళ పైలట్ అభినందన్ వర్ధమాన్ పాకిస్తాన్‌కు పట్టుబడినప్పుడు టీవీ ముందు కూర్చుని జెనీవా ఒప్పందం, జెనీవా ఒప్పందం అని మన ఇళ్ళలో అందరం అన్నాము. ఎదుటి పక్షం చేతిలో మన మనిషి ఉన్నప్పుడు ఆ అధికరణాలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో ఆ రెండు రోజులూ చూశాను. నిజానికి ఆ ఒప్పందం ఇచ్చే హక్కులు ప్రభుత్వానివి కావు, ఖైదీవి. ఖైదీ తానే వదులుకుంటానన్నా చెల్లదని ఏడవ అధికరణం చెబుతుంది. అందుకే ఎదుటి దేశం ఏ పాపం చేసిందన్నది ఇంటికి పోవలసిన మనిషి తేదీని ఆపడానికి కారణం కాకూడదని నేను గట్టిగా అంటాను. నేరం చేసిన మనిషి మీద విచారణ ఉంటే ఆపవచ్చని, అదీ ఆ విచారణ పేరిటే ఆపాలని 119వ అధికరణంలో దారి ఉండనే ఉంది. ఆ దారిలో నడిచి ఉంటే 195 మందే ఆగేవారు, మిగిలినవారు 1972లోనే ఇళ్ళకు చేరేవారు. జరిగింది మరొకటి. నిర్దోషులు రెండేళ్ళు ఆగారు, నిందితులు విచారణ లేకుండా వెళ్ళిపోయారు.

1971 ఓటమిపై పాకిస్తాన్ స్వయంగా నియమించుకున్న హమూదుర్ రెహ్మాన్ కమిషన్ కొందరు సేనానులను బహిరంగంగా విచారించాలని సిఫార్సు చేసింది. పాతికేళ్ళకు పైగా ఆ నివేదికను వెలుగు చూడనివ్వలేదు. 195 మంది కోసం బంగ్లాదేశ్ 1973లో చేసుకున్న చట్టం బీరువాలోనే ఉండిపోయి, 2010లో పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడిన స్థానికులను విచారించడానికి బయటికి వచ్చింది. జాబితాలోని ఒక్క సైనికుడు కూడా ఆ బోనెక్కలేదు.

ఆ 195 మంది కార్డులు మీ బల్ల మీదుగా వెళ్ళాయా అని ఒకసారి పెదనాన్నను అడిగాను. ఎవరు ఏం చేశారో తమకు తెలియదని, అందరి కార్డులూ ఒక్కలాగే ఉండేవని చెప్పారు. పైన నంబరు, కింద ఊరి పేరు, మధ్యలో ఆరోగ్యంగా ఉన్నానన్న ముక్క.